మణికట్టు పట్టీ చెప్పిన సంగతి

తిరుపతిలో కడుపుతో ఉన్న ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల ఒంట్లోకి పురుగుమందు ఎంత చేరుతోందో కొలిచే పనిలో కొన్నేళ్లు ఉన్నాను. పొలం పనికి పోయేవాళ్ల సంగతి వేరు, మేడల మధ్య ఉండేవాళ్లకు పురుగుమందు ఎక్కడి నుంచి వస్తుందని చేరిన మొదటి రోజు నేనూ అడిగాను. మా పని నడిపించే డాక్టరు మేడం నన్ను వింతగా చూశారు.

"దోమల చుట్ట, బొద్దింకల స్ప్రే, చీమల సుద్ద, ఇవన్నీ ఏంటనుకున్నావు? పొలంలో కొడితే సగం గాలికి పోతుంది. మనం తలుపులు మూసుకుని మరీ కొట్టుకుంటాం" అన్నారు.

నా సంచిలో ఎప్పుడూ మూడు వస్తువులు ఉండేవి. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం పట్టడానికి బిగుతు మూత డబ్బా. నేలమీద దుమ్ము తుడిచి తీసుకోవడానికి తడి గుడ్డ. మూడోది పలచని రబ్బరు పట్టీ. దాన్ని వారం రోజులు మణికట్టుకు వేసుకోవాలి. ఇంటి గాలిలో ఉన్న మందు, చేతికి అంటిన మందు అది పీల్చుకుంటుంది. వారమయ్యాక వెండిరంగు రేకులో చుట్టి, వేరే ఊళ్లో ఉన్న ల్యాబుకు పంపేవాళ్లం. సీమంతం గాజుల మధ్య ఆ నల్ల పట్టీ వేసుకుని ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఒకామె మంచిదని దానికి కూడా పసుపు పూసింది. ఆ పట్టీ పనికిరాకుండా పోయింది.

వీటితోపాటు రెండు పేజీల ప్రశ్నల కాగితం ఉండేది. ఇంట్లో చుట్టలు వెలిగిస్తారా, స్ప్రే కొడతారా, బియ్యంలో మాత్రలు వేస్తారా అని అడిగి, ఉంది లేదు అని గళ్లలో గుర్తు పెట్టాలి. చాలామంది "లేదు" అనేవాళ్లు. కొన్నిసార్లు వాళ్లు లేదంటుండగానే మంచం కింద చుట్ట బూడిద కనిపించేది. అప్పుడు నాకు ఒళ్లు మండేది. నాలుగు మాటలు అనేసి, కడుపులో బిడ్డ గురించి భయపెట్టి వచ్చేదాన్ని. అది కూడా నా ఉద్యోగంలో భాగమే అనుకునేదాన్ని.

పెళ్లయిన ఆరో ఏట నేను నెల తప్పాను. బైరాగిపట్టెడలో రెండో అంతస్తులో అద్దెకు ఉండేవాళ్లం, నేను, మా ఆయన, మా అత్త. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. పరీక్షలో తేలిన రోజే నేను ఇంట్లో ఉన్న చుట్టలు, గోడకు గుచ్చే దోమల మందు, స్ప్రే డబ్బా, సుద్ద ముక్కలు అన్నీ ఒక కవరులో వేసి బయటికి పంపేశాను. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది.

"దోమలు కుడితే ఎట్ల పాపా?" అంది.

"దోమతెర ఉండాది కదత్తా."

"ఎదురింటి పిల్ల ఆరో నెల్లో డెంగీ వచ్చి ఎన్ని అగచాట్లు పడిందో సూసినావు కదా. బిడ్డ దక్కేది కష్టమని చెప్పినారంట."

"నేను చేసేదే ఆ పని. నాకు తెలీదా?" అన్నాను. ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది. అత్త వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ నెలలోనే కొత్త రకం పట్టీలు వచ్చాయి. అందరికంటే ముందు నా చేతికి వేసి చూద్దామని మేడం అన్నారు. ఏ మందూ వాడని ఇల్లు ఒకటి లెక్కలో ఉంటే మంచిదని ఆవిడ ఉద్దేశం. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. నా ప్రశ్నల కాగితం నేనే నింపుకున్నాను. మొదటి గడి నుంచి చివరి గడి వరకు లేదు, లేదు, లేదు. కింద సంతకం పెట్టి, పట్టీ వేసుకున్నాను.

అదే విడతలో తిరుచానూరులో ఒక అమ్మాయి ఉండేది. లాడ్జీల సందులో ఇల్లు. ఆమె, ఆమె అత్త పొద్దంతా కూర్చుని మల్లెలు, చామంతులు కట్టి గుడి దగ్గర అమ్మేవాళ్లు. తొలి కాన్పు, మూడో నెల. నార కొసను పళ్లతో పట్టి బిగించేది. తోటల్లో ఆ పూలకు ఎన్ని మందులు కొడతారో నాకు తెలుసు కాబట్టి, అన్నిటికంటే ఎక్కువ ఆ పిల్ల పట్టీలోనే వస్తుందని మనసులో అనుకున్నాను. ఆమె కాగితంలో కూడా అన్నీ లేదనే ఉన్నాయి.

నాకు అయిదో నెల వచ్చినప్పుడు ఫలితాలు వచ్చాయి. మేడం తన గదిలోకి పిలిచి, ఒక్క మందు లెక్క మాత్రమే ఉన్న కాగితం నా ముందు పెట్టారు. పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. ఒక్కో అంకె మీద ఒక్కో నిలువు గీత. చాలా గీతలు వేలెడు కూడా లేవు. ఒకటి మాత్రం కాగితం పైఅంచు దాకా పోయింది.

"ఈ అంకె ఎవరిదో చూడు" అన్నారు.

"తిరుచానూరు పూలమ్మాయిది అయ్యుంటుంది మేడం" అంటూనే రిజిస్టరు తెరిచాను. వేలు పెట్టి వరుస వెతికాను. అంకె దొరికింది. దాని పక్కన బైరాగిపట్టెడ, నా వయసు, నా నెలలు ఉన్నాయి. వరుస తప్పానేమో అని స్కేలు పెట్టి మళ్లీ చూశాను.

"నాదే" అన్నాను.

మేడం రిజిస్టరు తన వైపు తిప్పుకుని చూశారు. తరువాత మెల్లగా అడిగారు. "మీ ఇంటి పక్కన తోట ఏమైనా ఉందా?"

"లేదు మేడం. ఒక పక్క బట్టల కొట్టు, వెనక కల్యాణమండపం."

"ఇది ఇళ్లలో వాడే మందు కాదమ్మా. పంటల మీద, తోటల్లో కొట్టేది. నీ పట్టీలో ఉంది. మూత్రంలో కూడా దాని గుర్తులు ఉన్నాయి."

నేను ఒప్పుకోలేదు. పట్టీలు తారుమారై ఉంటాయన్నాను. ల్యాబువాళ్లు పొరబడి ఉంటారన్నాను. ఎన్నో ఇళ్లలో వాళ్లు నాతో ఎలా వాదించారో అచ్చం అలాగే వాదించాను. మేడం అంతా విని, "సరే, ఇంకోసారి చూద్దాం" అని కొత్త పట్టీ చేతికి వేశారు.

ఆ మాటు ఫలితం వచ్చేలోపు నేను మనిషిలా లేను. కూరగాయల మీద అనుమానం పెట్టుకున్నాను. కాలీఫ్లవరు మానేశాను, ద్రాక్ష మానేశాను, ఆకుకూర ఉప్పునీళ్లలో మూడుసార్లు కడిగేదాన్ని. "ఇంగ గాలి తిని బతకాల్నా మనం?" అని మా ఆయన ఒకరోజు కంచం ముందు అడిగాడు. నవ్వుతూనే అడిగాడు కానీ నాకు ఏడుపు వచ్చింది. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా, అది మామూలు కదలికేనా అని చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయేదాన్ని.

రెండో ఫలితం వచ్చింది. తగ్గలేదు. ఇంకొంచెం పెరిగింది.

"తిండిలో మాత్రమే ఉంటే పట్టీలో ఇంత రాదు" అన్నారు మేడం. "నీ ఇంటి గాలిలోనే ఉంది. నువ్వు పడుకునే చోట, కూర్చునే చోట ఉంది. ఇంట్లో వాళ్లను అడిగావా?"

"మా ఇంట్లో ఎవరు తెస్తారు మేడం" అన్నాను. నిజంగానే అడగలేదు. అడగాలని తోచనే లేదు.

ఆ రోజే తిరుచానూరు వెళ్లాల్సి ఉంది, పూలమ్మాయి చివరి పట్టీ తీసుకోవాలి. తనకీ అప్పటికి ఏడో నెల. నాకూ కాళ్లు నీరుపట్టి ఉన్నాయి. ప్రశ్నల కాగితం బయటికి తీయకుండా ఆమె పక్కనే చాప మీద కూర్చున్నాను. వాళ్ల అత్త అప్పుడు ఇంట్లో లేదు.

"ఏందక్కా, మొగం అట్లుండాది?" అంది.

ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఉండలేననిపించింది. నా పట్టీ సంగతి చెప్పాను. ఆమె పూలు కట్టడం ఆపింది.

"ఒక మాట చెప్తా. కోపం చేసుకోవు కదా?"

"చెప్పు."

"నువ్వు వచ్చే రోజు మా అత్త దోమల చుట్టలు, స్ప్రే డబ్బా అన్నీ ఎత్తి పూలబుట్ట కింద పెడతాది. నువ్వు పోయినాక మళ్లీ తీస్తాది."

"ఎందుకు?"

"నువ్వు తిడతావు కదక్కా. ఫస్టు నువ్వు వచ్చినప్పుడు పక్కింటామెను, నీకు బిడ్డ కావల్నా వద్దా అని అడిగినావే. ఆయమ్మ నువ్వు పోయినాక ఎంతసేపు ఏడ్చిందో నీకు తెల్దు. అప్పట్నించి ఈ సందులో ఎవురూ నీతో నిజం చెప్పరు. నువ్వు లేదా అంటే మేము లేదంటాం. అంతే."

ఆమె మామూలుగానే, నొప్పించాలని లేకుండా చెప్పింది. ఎన్ని కాగితాలు, ఎన్ని గళ్లు. అవన్నీ నేను మోసుకెళ్లి మేడం బల్ల మీద పెట్టినవే. వాటిలో ఎన్ని నిజం, ఎన్ని నా మొహం చూసి చెప్పినవి? పక్కింటామెను ఆ మాట అన్నట్టు కూడా నాకు గుర్తులేదు. కానీ అనే ఉంటాను. ఆ మాట తీరు నాదే.

పట్టీ తీసుకుని, ఆఫీసుకు పోకుండా నేరుగా ఇంటికి బస్సెక్కాను. అత్తను అడగాలి, అరవకుండా అడగాలి అని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. రోజూ నేను ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరవుతుంది. అప్పటికి అత్త కిటికీలు తెరిచి, సాంబ్రాణి పొగ వేసి ఉంచేది. కోడలు కడుపుతో ఉందని భక్తి ఎక్కువైందనుకునేదాన్ని. ఆ రోజు రెండున్నరకే చేరాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసేసరికి ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. చిన్నప్పుడు మామిడి పూతకాలంలో మా నాయన చొక్కాకు ఉండే వాసన. పడకగదిలో అత్త చీరకొంగు ముక్కుకు చుట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్లు చల్లే సీసాతో మా మంచం కింద కొడుతోంది. పరుపు ఒక పక్క ఎత్తి పెట్టి ఉంది. దానికీ తడి కనిపిస్తోంది.

నన్ను చూసి లేవబోయి మళ్లీ కూలబడింది.

"ఇంత పొద్దుండంగానే వచ్చినావే" అంది.

గుమ్మం పట్టుకున్నాను. "ఏం మందత్తా అది?"

ఆమె సీసాను వెనక్కి పెట్టుకుంది.

"నేనేమీ అనను. ఏం మందో చెప్పు. యాడిదో చెప్పు."

"మీ నాయన ఇచ్చినాడు."

నేను అర్థం కానట్టు చూస్తుంటే ఆమే చెప్పింది. నేను స్ప్రేలన్నీ పారేసిన వారంలోనే మా నాయన రాగిపిండి తీసుకుని నన్ను చూడ్డానికి వచ్చాడు. నేను డ్యూటీలో ఉన్నాను. ఎదురింటి పిల్ల డెంగీ గురించి, నా మొండితనం గురించి అత్త ఆయనతో చెప్పుకుంది. మరుసటి వారమే మళ్లీ వస్తూ కూల్‌డ్రింకు సీసాలో మందు పోసుకొచ్చాడు. కార్వేటినగరం దగ్గర మా మామిడితోటలో పూతకు కొట్టే మందు.

"మూతెడు మందు, చెంబుడు నీళ్లు. దీని ముందర దోమ నిలవదు, పాపకు చెప్పొద్దు, ఊరికే కొట్లాడతాది అని చెప్పినాడు. నేను దినామూ నువ్వు పోయినాక కొడతాన్నా. సాయంత్రానికి వాసన పోతాది కదా అని సాంబ్రాణి వేస్తా."

"దినామూ?"

"ఒక్క దినమూ తప్పలేదు" అంది. ఆ గొంతులో తప్పు చేశానన్న బెదురు ఏమీ లేదు. బాగా చూసుకున్నానని చెప్పినట్టే చెప్పింది. మళ్లీ, ఎలాగూ బయటపడింది కాబట్టి ఇదీ చెప్పేద్దామన్నట్టు, అటక వైపు చూపించింది. "మా చెల్లెలింటి నుంచి ఉయ్యాల తెప్పించినా. కట్టెది. నల్లులుంటాయేమో అని దానికీ నాలుగుతూర్లు కొట్టి ఎండబెట్టినా."

నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. అత్త మంచినీళ్ల గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టింది. ఆ గ్లాసు పట్టుకున్న చేతినే చూశాను. ఆ చేత్తోనే అన్నం వండేది, నాకు తల దువ్వేది. నాలుగు నెలలుగా ఆమెకు తలనొప్పి, కళ్లలో నీళ్లు. చత్వారం ఏమో అని కళ్ల డాక్టరుకు చూపించి అద్దాలు కూడా మార్పించాను. నా ఇంట్లో ఒక మనిషి రోజూ మందు పీలుస్తుంటే, నేను ఊరంతా తిరిగి పట్టీలు కట్టి వచ్చాను.

మరుసటిరోజు మేడం చేతి తొడుగులు వేసుకుని వచ్చారు. సీసా తీసుకున్నారు, నేల, మంచం, ఉయ్యాల అన్నీ తుడిచి గుడ్డలు డబ్బాల్లో పెట్టారు. అత్తను ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించారు. పరుపు, దిండ్లు ఎవరికీ ఇవ్వకూడదన్నారు. ఉయ్యాల కూడా. నెల తిరక్కుండా మేము వేరే వీధిలో ఇల్లు మారాం.

నేను అడగాల్సింది ఒక్కటే. "మేడం, బిడ్డకు ఏమవుతుంది?"

ఆవిడ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "నీకు అబద్ధం చెప్పలేను. ఎంత ఉందో కొలవగలం. అంతే. ఇంత ఉంటే నీ బిడ్డకు ఇది అవుతుంది, ఇది కాదు అని ఒక్కరి గురించి చెప్పే కొలత మన దగ్గర లేదు. ఇకనుంచి తగ్గుతుంది. అది మాత్రం చెప్పగలను."

మా నాయన ఆ ఆదివారం వచ్చాడు. అత్త ముందే ఫోనులో చెప్పినట్టుంది. చెప్పులు విడిచి వరండాలోనే కూర్చున్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. ఆయన మీద కేకలు వేయాలని నేను రెండురోజులుగా మాటలు కూడబెట్టుకున్నాను. ఆయన మొహం చూశాక ఒక్కటీ రాలేదు.

"నేను ముప్పై ఏండ్లుగా కొడతాండా ఆ మందు" అన్నాడు. "సేతులు కడుక్కోని సద్ది తినేదే. నాకేం కాలేదు కదా, దోమకు నాలుగు సుక్కలు కొడితే ఏమవతాది అనుకుంటి."

నేను పట్టీ గురించి, గీతల గురించి చెప్పాను. ఆయన తల వంచుకుని విన్నాడు. తరువాత, ఎప్పుడూ అనని మాట అన్నాడు.

"మీ అమ్మ రెండుతూర్లు పోగొట్టుకునింది. నీ తరవాత. నీకు తెల్దు, నువ్వు సిన్నపిల్లవు. రెండుతూర్లూ పూతకాలమే. డ్రమ్ములో మందు కలిపింది ఆయమ్మే, సేత్తోనే కలిపింది. నేనే కలపమన్నా."

మా అమ్మ పోయి అప్పటికి ఎనిమిదేళ్లు. నాకు తోబుట్టువులు ఎందుకు లేరని చిన్నప్పుడు అడిగితే, "నువ్వొకదానివే చాలనిపించిందిలే" అనేది. అది ముద్దుగా చెప్పిన మాట అనుకున్నాను ఇన్నేళ్లూ.

"దానివల్లేనా పాపా?" అని అడిగాడు నాయన.

నేను చేసే పనికి, చదివిన చదువుకు, ఆయన ఆ ప్రశ్న నన్నే అడగడం న్యాయమే. "తెలీదు నాయనా. ఎవరూ చెప్పలేరు" అన్నాను. మేడం నాకు చెప్పిన మాటే అది. అదే మాట నా నోటితో చెప్పినప్పుడు, ఆవిడ కళ్లద్దాలు ఎందుకు తీశారో అర్థమైంది.

"నాది కూడా కొలవమను మీ మేడాన్ని" అన్నాడు.

మరుసటి రోజు ఆయనను ఆఫీసుకు తీసుకెళ్లాను. తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. మేడం కుర్చీ వేయించి, ఆయన చెప్పిందంతా ఓపికగా విన్నారు. ఈ పనికి అనుమతి కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రమే ఉందని, రైతులవి చూసే ఏర్పాటు లేదని చెప్పారు. ఆసుపత్రిలో రక్తపరీక్షకు చీటీ రాసిచ్చారు. "మంచిదమ్మా" అని ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయన ఆ పరీక్షకు వెళ్లలేదని తరువాత తెలిసింది. నేను కొనిచ్చిన తొడుగులు, ముక్కుగుడ్డ కూడా వేడికి తట్టుకోలేను అని రెండురోజుల్లో పక్కన పెట్టేశాడు. పూతకు మందు కొట్టకపోతే కాయ నిలవదు, కాయ లేకపోతే ఆయనకు వేరే దారి లేదు.

ఏడో నెల నుంచి ఎనిమిదో నెల దాకా నేను, మేడం కలిసి పాత ఇళ్లన్నిటికీ మళ్లీ తిరిగాం. ఈసారి కాగితం ముందు పెట్టలేదు. మా ఇంట్లో జరిగింది నేను ముందు చెప్పేదాన్ని, అత్త సంగతి, ఉయ్యాల సంగతి. అది విన్నాక ఎవరికి వాళ్లు లేచి అటక మీద నుంచో, బియ్యం డబ్బా వెనక నుంచో తీసి చూపించేవాళ్లు. మా ఇంట్లో ఉన్నలాంటి కూల్‌డ్రింకు సీసాలు ఇంకొన్ని ఇళ్లలో కూడా దొరికాయి. సొంతూరి నుంచి ఎవరో ఒకరు ప్రేమగా పంపినవే. ప్రతి సీసాకూ మేడం మొహం పాలిపోయేది. నేను ఎవరినీ ఏమీ అనలేదు.

పూలమ్మాయి ఇంటి పక్కామె దగ్గరికి కూడా వెళ్లాను. అప్పటికి ఆమె చేతిలో బిడ్డ ఉంది. నేను అన్న మాటకు క్షమించమని అడిగాను. "అయిపోయిందిలే అక్కా" అని, బిడ్డను నా ఒళ్లో పెట్టి కాఫీ కలపడానికి లేచింది.

మాకు ఆడపిల్ల పుట్టింది. బరువు బాగానే ఉంది, గట్టిగానే ఏడ్చింది. నర్సు తెచ్చి చూపించినప్పుడు, అందరు తల్లుల్లా నేను ఆ మొహం చూడలేదు. ముందు వేళ్లు లెక్కపెట్టాను. అరచేతిలో నా వేలు పెట్టి, పట్టుకుంటుందా లేదా అని చూశాను. పట్టుకుంది. ఇప్పటికీ ఏదైనా మాట ఆలస్యంగా పలికితే, మెట్టు తప్పి పడితే, కాగితం పైఅంచు దాకా పోయిన ఆ గీత గుర్తొస్తుంది. పిల్లలందరూ పడతారని నాకు తెలుసు.

పుట్టిన మూడో రోజు మధ్యాహ్నం మా నాయన ఆసుపత్రికి వచ్చాడు. గది గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అత్త బిడ్డను ఎత్తి ఆయన వైపు చూపించింది. అద్దాలు మార్చాక కాదు, ఇల్లు మారాకే ఆమె తలనొప్పి తగ్గింది.

"రా నాయనా, ఎత్తుకో" అన్నాను.

"తోటలోనించి నేరుగా వచ్చినా. కడుక్కోని వస్తా" అన్నాడు.

బాత్రూములోకి వెళ్లాడు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. వచ్చేటప్పుడు మోచేతుల దాకా తడి, చొక్కా కూడా తడిసింది. మంచం పక్కకు వచ్చి, బిడ్డ మీదికి వంగి, చేతులు చాచాడు. చాచిన చేతులను మధ్యలోనే ఆపి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు.

"ఈ తూరి వద్దులే" అని చేతులు వెనక్కి తీసుకున్నాడు. "మందు కొట్టేది అయిపోయినాక వచ్చి ఎత్తుకుంటా."